పెద్దలు విడిచిన తుపాకి

గృహస్థుడు గతించిన యింట కర్మకాండ ముగిసిన పిమ్మట దాయాదులు కూర్చుండి పొలమెంత, అప్పెంత, బంగారమెంత యని లెక్క వేసికొనుట మనలో ననాదిగా వచ్చుచున్న యాచారము. పొలమునకు పట్టా కలదు, అప్పునకు పత్రము కలదు, బంగారమునకు తూనిక కలదు. కాని కొన్ని యిండ్లలో గోడకొయ్యకు వ్రేలాడుచునో, పెద్దపెట్టె యడుగున పాతబట్టలో చుట్టబడియో యొక తుపాకి యుండును. దానిని గుఱించి మాత్ర మెవరును నోరు మెదపరు. "అది నాన్నగారిది, ఉండనిండు" అని యొకరు, "తరువాత చూతము" అని మఱియొకరు. ఆ తరువాత యనునది యేండ్లు గడచినను రాదు. ఇంతలో దానిని తమ యధీనమున నుంచుకొన్నవారు, తామెఱుగకయే, శాసనమును మీఱినవా రగుచున్నారు. దొంగలు గాని దొమ్మీకాండ్రు గాని కాని గౌరవకుటుంబము లిట్టి స్థితిలో బడుటకు గల కారణమును, దాని వెనుకనున్న చరిత్రను ఈ వ్యాసమున విచారింప దలచితిమి.

చిక్కంతయు నొక్క భేదమునుండి పుట్టుచున్నది. ఆస్తి వేఱు, అనుమతి వేఱు. తండ్రి మరణించిన క్షణముననే ఆయన సొత్తు వారసులకు సంక్రమించును. తుపాకియు సొత్తే కావున అదియు సంక్రమించును. ఇందు సందేహము లేదు. కాని దానిని దగ్గఱ నుంచుకొనుటకు సర్కారు వారిచ్చిన లైసెన్సు ఆ తండ్రి పేరిటిది. అది యింటికి నిచ్చినది కాదు, వంశమునకు నిచ్చినది కాదు. ఒక మనుష్యున కిచ్చినది. ఆ మనుష్యునితోనే యది యంతరించును. కావున వారసునకు తుపాకిపై స్వామ్యము గలదు గాని, దానిని చేతబట్టుటకు హక్కు లేదు. తన సొత్తును తానే యుంచుకొనరాదను మాట సామాన్యులకు వింతగా దోచును. వైద్యుని కుమారుడు తండ్రి మందులపెట్టెకు వారసుడగును గాని ఆయన వైద్యపట్టమునకు వారసుడు కాడు గదా, ఇదియు నట్టిదే యని మేము కొందఱకు చెప్పి చూచితిమి. "మందులపెట్టె నింట నుంచుకొన్నందుకు చెఱసాల లేదు గదా" యని వారు బదులు చెప్పిరి. ఆ బదులు త్రోసివేయదగినది కాదు. ఇంత కఠినమైన నియమ మెట్లు వచ్చినదో తెలియవలెనన్న కొంత వెనుకకు బోవలెను.

తెలుగుదేశమున ఆయుధము గృహోపకరణమై యుండిన కాలము మిక్కిలి దూరమైనది కాదు. దత్తమండలములలో పాలెగాండ్రకు కోటలును సాయుధపరివారమును నుండెను. 1800 సంవత్సరమున ఆ మండలములు నిజామునుండి కుంపిణీవారికి దక్కినప్పుడు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వఱకు నుండి పాలెగాండ్ర బలము నణచెను. ఉత్తరసర్కారులలో 1802 శాశ్వతపరిష్కారముతో జమీందారుల పోలీసు అధికారము తొలగెను. ఇవి దొరల బలమును విఱుచుటకు జేసిన పనులు. సామాన్యగృహస్థుడు తన యింటి తుపాకికి సర్కారుచేత చీటి వ్రాయించుకొనవలె నను పద్ధతి దేశమంతటికిని అప్పటి కింకను రాలేదు.

అది 1857 తిరుగుబాటుతో వచ్చినది. ఆ సంవత్సరమే ఆయుధముల విక్రయమును, దిగుమతిని నియమించు శాసన మొకటి పుట్టెను. 1860లో దానికి బదులుగా మఱియొకటి వచ్చెను. తుదకు 1878లో లిట్టన్ ప్రభువు రాజప్రతినిధిగా నుండగా పదునొకండవ ఆక్టుగా భారత ఆయుధశాసనము వెలువడెను. దేశభాషా పత్రికల నోరు గట్టిన శాసనమును అదే లిట్టన్ ప్రభువు అదే సంవత్సరమున దెచ్చినాడని మన పాఠకు లెఱుగుదురు. పత్రికల శాసనమును రిప్పన్ ప్రభువు 1882లో దీసివేసెను. కలమునకు బడిన సంకెల నాలుగేండ్లలో వదలెను. తుపాకికి బడిన సంకెలను మాత్ర మే ప్రభువును ముట్టలేదు. అది 1962 వఱకు, అనగా ఎనుబదినాలుగేండ్లు, నిలిచెను.

ఆ శాసనము ప్రకారము లైసెన్సు లేక తుపాకి నుంచుకొనుట నేరము. మూడేండ్లవఱకు చెఱ విధింపవచ్చును. లైసెన్సు రద్దయి గాని, గడువు తీఱి గాని, యొకని యొద్ద నాయుధముండుట శాసనవిరుద్ధమైనచో అతడు దానిని అనవసరమైన యాలస్యము లేక సమీపపు పోలీసు ఠాణాలో నప్పగింపవలెను. పదునాఱవ సెక్షనులోని ఈ "అనవసరమైన యాలస్యము లేక" యనుమాటను పాఠకులు గుర్తుంచుకొనవలెను. ప్రభుత్వములు మాఱినవి, శాసనము మాఱినది; ఈమాట మాత్రము నేటికిని మాఱలేదు.

శాసనమున కంటె దాని మినహాయింపులు మనవారి మనసును నొప్పించినవి. యూరోపియనులకును, యూరేషియనులకును, అర్మీనియనులకును, అమెరికనులకును లైసెన్సు లేకయే తుపాకి యుంచుకొన ననుమతి యుండెను. ఒకే వీధిలో నొక యింగ్లీషు దొర గతించినచో ఆయన కుమారుడు తండ్రి తుపాకిని నిశ్చింతగా గోడకు దగిలించుకొనవచ్చును. ఎదురింటి పెద్దకాపు గతించినచో ఆయన కుమారుడు దానిని మోసికొని ఠాణాకు బోవలెను. ఈ జాతిభేదము మొదటి మహాయుద్ధము ముగిసిన పిదప 1920 నాటి నియమములతో గాని తొలగలేదు. 1887 డిసెంబరులో చెన్నపట్టణమున గూడిన కాంగ్రెసు మహాసభ ఆయుధశాసనము ప్రజల కష్టములకు మూలమనియు, ప్రజల నిష్ఠపై దగని నింద మోపుచున్న దనియు దీర్మానించెను. తెలుగువారు పలువురు పాల్గొన్న తొలి కాంగ్రెసులలో నది యొకటి.

మన పొరుగుననే యున్న కొడగుసీమ చరిత్ర యిందుకు దారుణమైన భేదమును జూపును. తిరుగుబాటు కాలమున కొడగువారు చూపిన విశ్వాసమునకు మెచ్చి 1861లో సర్కారువారు వారిని నిరాయుధీకరణ శాసనమునుండి విడిచిపెట్టిరి. కొడవజాతివారికిని, జమ్మా యను వంశపారంపర్యపు హక్కుతో భూమిని గలవారికిని ఆ మినహాయింపు నేటికిని గలదు. 2019లో కేంద్రప్రభుత్వము దానిని 2029 వఱకు పొడిగించెను. కొడగున శిశువు పుట్టినపుడు తుపాకి పేల్చుదురు. పెద్ద గతించినపుడును పేల్చుదురు. కైల్‌పొళ్దు పండుగనాడు తుపాకికి పూలు పెట్టి పూజింతురు. అచ్చట తుపాకి పొలమువలె తండ్రినుండి కొడుకునకు వచ్చును. ఒక దేశముననే, కొన్ని యామడల దూరముననే, ఒకచోట వంశగౌరవమైనది మఱియొకచోట నేరమైనది. ఇందు ధర్మమేమియు లేదు, రాజకీయమే కలదు.

ఇట్టి శాసనమును గౌరవింపలేని మనస్సు మనవారికి గలుగుట సహజమే. మహాత్ముడు 1918లో ఖేడాజిల్లాలో సైన్యమునకు జనులను జేర్చుచు వ్రాసిన కరపత్రములో, ఆంగ్లేయప్రభుత్వము చేసిన యపచారములలో నొక జాతినంతటిని నిరాయుధను జేసిన శాసనమును మిక్కిలి నల్లనిదానిగా నెంచెను. అహింసావ్రతుడే యట్లనినప్పుడు తక్కినవారి మాట చెప్పనేల? 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు మన్యమున చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై బడి తుపాకులను గొనిపోయెను. సర్కారువారు తమ యాయుధముల నుంచుకొను చోటనుండియే వానిని దీసికొనుటలో గల ధిక్కారము తెలుగునాట నెల్లరకును బోధపడినది. కరాచి కాంగ్రెసు 1931లో ప్రకటించిన ప్రాథమికహక్కులలో, నియమములకు లోబడి యాయుధము ధరించు హక్కునకును జోటు దొరకెను.

ఈ చరిత్ర ఫలమేమనగా, ఇంటిలోని తుపాకిని ఠాణాలో నప్పగింపకుండుట యొక విధమగు పౌరుషమను భావము మన కుటుంబములలో నాటుకొనెను. "తాతగారు తెల్లదొరకే యియ్యలేదు" అను కథ గర్వముతో జెప్పుకొందురు. ఆ తాతగారి గర్వమును మేము తప్పు పట్టము. కాని తెల్లదొర పోయి డెబ్బదియేండ్లు దాటినది. నేడు మనుమడు చేయుచున్నది తాతగారు చేసినది కాదు.

స్వరాజ్యము వచ్చినప్పుడు ఈ విషయము మఱల విచారణకు వచ్చెను. 1948 డిసెంబరులో రాజ్యాంగసభయందు హెచ్. వి. కామత్ ఆయుధధారణ హక్కును ప్రాథమికహక్కులలో జేర్పవలెనని సవరణ ప్రతిపాదించెను, అంబేద్కరు వ్యతిరేకించెను, సభ దానిని నిరాకరించెను. కరాచిలో గోరినది ఢిల్లీలో గోరకుండుట మాటతప్పుట యని కొందఱనిరి. మాకట్లు దోపదు. దేశవిభజన నాటి నెత్తు రింకను తడియారని దినములలో, సొంత ప్రజల చేతనే యేర్పడిన సభ యాలోచించి చెప్పిన మాట యది. లిట్టన్ ప్రభువు చెప్పిన మాట కాదు. పిమ్మట 1959లో పార్లమెంటు క్రొత్త ఆయుధశాసనమును జేసెను; అది 1962 అక్టోబరు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను.

ఆ శాసనములో రైతుకు జోటు గలదు. పంటను అడవిపందులనుండి కాపాడుకొనుటకు గొట్టము ముందునుండి మందు కూరు నాటుతుపాకికిని, ఆత్మరక్షణకు గాని వేటకు గాని ఇరువది అంగుళములకు దక్కువగాని గొట్టముగల నున్నని లోపలిగోడ తుపాకికిని లైసెన్సు పొందుట కందు మార్గ మేర్పఱచిరి. మన పల్లెలలో తండ్రులు విడిచిపోయిన తుపాకులు సామాన్యముగా నీ రెండు జాతులవే. మృతుల యింటికి సంబంధించినది మాత్రము ఇరువదియొకటవ సెక్షను. లైసెన్సు గడువు తీఱుటచే గాని, మఱి యే కారణముచే గాని, యాయుధముండుట శాసనవిరుద్ధమైనచో అనవసరమైన యాలస్యము లేక దానిని సమీపపు ఠాణాలో గాని, లైసెన్సుగల ఆయుధవర్తకుని యొద్ద గాని నిలువ చేయవలెను. (మృతుడు సైనికుడైనను వారసుడు సైనికుడు కానిచో దండుశాల యతనికి దెఱువబడదు.) నిలువ చేసినవాడు, లేదా యతడు గతించినచో నతని న్యాయప్రతినిధి, నియమితమైన గడువులోపల లైసెన్సు పొంది దానిని మఱల దీసికొనవచ్చును, లేదా హక్కుగలవాని కమ్మి ఆ సొమ్ము పుచ్చుకొనవచ్చును. గడువు మీఱినచో జిల్లా మేజిస్ట్రేటు ఆజ్ఞచే నది సర్కారు పాలగును. చూడుడు: అప్పగించినంత మాత్రమున సొత్తు పోదు. మన జనసామాన్యము భయపడుచున్నది దీనికే, భయపడనక్కఱలేనిదియు నిదియే. పోగొట్టునది అప్పగింత కాదు, ఆలస్యము.

పాండవు లజ్ఞాతవాసమునకు బోవునపుడు ఆయుధములను జమ్మిచెట్టుపై నుంచిరి గాని వానిపై స్వామ్యమును విడువలేదు. ధరించుటకు దగిన దినము వచ్చినపుడు మఱల దీసికొనిరి. మన యిండ్లలో మహానవమినాడు ఆయుధపూజ చేయుచు, మఱునాడు జమ్మిని బూజించుచు, ఈ కథను మఱచుట చిత్రమే. ఎన్నికలు వచ్చినపుడెల్ల లైసెన్సుదారులు తమ తుపాకులను ఠాణాలో నిలువ చేసి మఱల దెచ్చుకొనుచున్నారు. దానివలన నెవరి గౌరవమును దఱుగలేదు.

ఇంటి స్త్రీలను గుఱించి యొక మాట చెప్పక తప్పదు. ఈ విషయమున మిక్కిలి నలిగినది వారే. 1937కు పూర్వము సమష్టికుటుంబపు వితంతువునకు భర్త భాగముపై హక్కు లేదు, పోషణ మాత్రమే గలదు. ఆ సంవత్సరపు శాసనము ఆమెకు జీవితకాలపు పరిమితహక్కు నిచ్చెను. 1956 హిందూ వారసత్వశాసనము సంపూర్ణహక్కు నిచ్చెను. ఆంధ్రప్రదేశములో 1986 సవరణము కుమార్తెలకును సమష్టి ఆస్తిలో భాగ మిచ్చెను. ఇట్లు శాసనము స్త్రీని మెల్లమెల్లగా వారసురాలిని జేసినది. కాని తుపాకి విషయమున నామె నెవరును వారసురాలిగా భావింపరు. భర్త గతించిన యింట నామెయొక్కతెయే యుండును. కుమారులు హైదరాబాదుననో అమెరికాలోనో యుందురు. పెట్టె తాళపుచెవి యామె కొంగున నుండును. తుపాకి నేమి చేయవలెనో యామెతో నెవ్వరును చెప్పరు. పోలీసువారు వచ్చి యడిగినచో బదులు చెప్పవలసినది మాత్ర మామెయే. అధీనమన చేతిలో నుండుట మాత్రమే కాదనియు, తెలిసి యుండుటయు దానిపై నధికార ముండుటయు గూడ నందు జేరుననియు సుప్రీంకోర్టు 1972లో నొక ఆయుధశాసనపు వ్యాజ్యెమున జెప్పియున్నది. కావున దూరదేశముననున్న కుమారులును "మేమచ్చట లేము" అని తప్పించుకొన జాలరు.

పిల్లల సంగతియు నిట్టిదే. 1959 శాసనమున పదునాఱేండ్లు నిండినవానికి లైసెన్సు పొందుటకు వీలుండెను. 1983 సవరణముచే నది యిరువదియొక్క యేండ్లైనది. ఇరువదియేండ్ల కొడుకు చితికి నిప్పు పెట్టవచ్చును గాని తుపాకికి లైసెన్సు పొందరాదు. అట్టి యిండ్లలో తుపాకి నిలువయం దుండుటయో, అమ్ముడుపోవుటయో తప్ప దారి లేదు. దుఃఖముతోను, క్రోధముతోను, తగవులతోను నిండియుండు ఆ దినములలో గుండ్లతోగూడిన యాయుధ మింటనుండుట యెంత ప్రమాదకరమో వివరించి చెప్ప నక్కఱలేదు. శాసనము సంగతి యటుండనిండు. ఇంటి మేలు గోరువా రీ కారణమున కైనను దాని నింటినుండి పంపివేయవలెను.

ఇటీవలి మార్పులలో రెండు మన గృహస్థులు తెలిసికొనదగినవి. 2016 నియమముల ప్రకారము లైసెన్సుదారుడు గతించిన పిదప అర్హుడైన వారసునకు లైసెన్సు నియ్యవచ్చును. అంతియ కాదు, లైసెన్సుదారుడు డెబ్బదియేండ్ల వాడైనను, తుపాకిని ఇరువదియైదేండ్లు కలిగి యున్నను, తాను జీవించియుండగనే తన వారసుని పేర్కొని యతనికి లైసెన్సు నిప్పింపవచ్చును. వీలునామా వ్రాయుటకే భయపడు మన పెద్దలు దీనిని జేయుదురని నమ్ముట కష్టము. కాని చేసినచో వెనుకటివారికి నెంతో శ్రమ తప్పును. రెండవది 2019 సవరణము. అంతకుముందు 1983నుండి యొక్కొక్కరికి మూడు తుపాకుల వఱకు నుండవచ్చును, ఇప్పుడు రెండే. వారసత్వముగా వచ్చినను ఆ లెక్క మీఱరాదు. ఇదివఱకే రెండు గల కుమారుడు తండ్రి తుపాకిని గూడ జేర్చుకొనజాలడు. శిక్షలును ఆ సవరణముతో హెచ్చినవి.

తాతల కాలమునాటి తుపాకి తుప్పుపట్టి యున్నది, దానికి లైసెన్సేల యని కొంద ఱడుగుదురు. పూర్వకాలపు నమూనాదై గాని, పురాతనవస్తువై గాని, చెడిపోయి గాని, మరమ్మతు చేసినను చేయకున్నను పేలజాలని దానికి శాసనము వర్తింపదని నలుబదియైదవ సెక్షను చెప్పుచున్నది. కాని పేలునో పేలదో నిర్ణయింపవలసినది మనము కాదు. ఆ విద్య తెలిసినవారు. తుప్పు గలది యంతయు నిరపాయకరము కాదు. విడదీసి ముక్కలుగా నుంచితిమి గదా యనుటయు బనికిరాదు. తుపాకి భాగములును శాసనదృష్టిలో తుపాకియే. బావిలో బడవేసితిమి, ఏటిలో వేసితిమి యని చెప్పువారును గలరు. కలెక్టరు కచ్చేరిలోని చిట్టాలో దాని నంబరు మృతుని పేరిట నట్లే యుండును. అది యేమైనదని యెప్పుడో యొకప్పుడు అడిగి తీఱుదురు.

కావున చేయవలసిన దిది. మరణము సంభవించిన యింట తుపాకిని, తూటాలను ఒకచోట జేర్చి తాళము వేయవలెను. గుండు పెట్టియున్నదో లేదో యని పిల్లలు గాని తెలియనివారు గాని దానిని ద్రిప్పి చూడరాదు. లైసెన్సు పుస్తకమును వెదకి పట్టుకొని, మొదట ఠాణాకు వ్రాతమూలకముగా కబురు పంపి, వారు చెప్పిన రీతిని అప్పగింపవలెను. చెప్పకుండ చంకనబెట్టుకొని బస్సెక్కుట మంచిది కాదు. తూటాలను మఱచుట మనవారికి పరిపాటి. వానికిని శాసనము గలదు. పిమ్మట మరణధ్రువపత్రమును, తాసిల్దారు కచ్చేరినుండి కుటుంబసభ్యుల ధ్రువపత్రమును సంపాదింపవలెను. వారసులలో నొకడు దానిని గోరినచో తక్కినవా రాక్షేపణ లేదని వ్రాసియిచ్చుట మేలు. ఒక తుపాకికై యన్నదమ్ములు కోర్టు కెక్కుట వింతయైనను అరుదు కాదు. అతడు జిల్లా మేజిస్ట్రేటునకు, పోలీసు కమిషనరు గల నగరములలో నాయనకు, దరఖాస్తు చేసికొనవలెను. విచారణ జరుగును, ఆయుధము నుపయోగించు తరిఫీదు పొందవలసి యుండును, అనుమతి నిరాకరింపబడినను నిరాకరింపబడవచ్చును. ఎవ్వరును గోరనిచో లైసెన్సుగల వర్తకున కమ్మివేయుటయే సుఖము. పాత తుపాకికి వచ్చు వెల స్వల్పమే. దానినిబట్టి ఏండ్లకొలది వేచియుండుట వ్యర్థము.

అప్పగించినపుడు రసీదు తప్పక పుచ్చుకొనవలెను. అందు తుపాకి జాతి, దానిపై జెక్కిన నంబరు, తూటాల లెక్క, తేదీ, పుచ్చుకొన్న యుద్యోగి సంతకము ఉండునట్లు చూడవలెను. మా యెఱుకలోని యొక కుటుంబమువారు తెల్లకాగితముపై "తుపాకి ముట్టినది" అని మాత్రము వ్రాయించుకొని వచ్చి, మూడేండ్ల పిదప అది యే తుపాకియో నిరూపింపలేక తిరిగిరి. ఆ రసీదును పొలముపట్టాలతోపాటు పెట్టెలో భద్రపఱచి, గడువు తీఱు తేదీని పంచాంగముపై వ్రాసియుంచవలెను; ఏలయన దానిని మఱల దీసికొనదలచినను, అమ్మదలచినను, మొదట నడుగునది యా కాగితమే.